పసివారి నోట పాట

చదువవలసిన లేఖన భాగములు: ద్వితీయోపదేశకాండము 31:19–22, 1 దినవృత్తాంతములు 25:6–8, మత్తయి 21:14–16



ఈ నెల పాఠము పెద్దలు చదువవలసినదే గాని పిల్లలను గూర్చినది. మూడేండ్లు మొదలు ఆరేండ్ల వరకుగల పసివారికి బడిలో పాట ఎట్లు నేర్పవలెను అనునదే దీని విషయము. ఇది టీచర్ల పని, మనకేల అని పుట త్రిప్పివేయవద్దు. మీ యింట ఒక మనుమడో మనుమరాలో ఉన్నయెడల ఇది మీ పనియు నైయున్నది.

మా గుడి ప్రక్కనున్న బడిలో చిన్నపిల్లల తరగతి యొకటి కలదు. నాట్ల కాలములో తల్లులు తెల్లవారక మునుపే పొలమునకు పోవుదురు. నాయనమ్మయో అక్కయో బిడ్డను చంకనెత్తుకొని వచ్చి బడిలో దింపి పోవును. ఆ మొదటి గంట అంతయు ఏడ్పే. గత సంవత్సరము ఆ తరగతికి క్రొత్తగా వచ్చిన టీచరమ్మ ఒక సాయంకాలము నాయొద్దకు వచ్చి యిట్లు అడిగినది: "అయ్యగారూ, పిల్లలకు పాటలు నేర్పమంటున్నారు. నాకేమో సంగీతం రాదండి. ఫోనులో పాటలు పెట్టి వినిపిస్తే చాలదాండీ?"

చాలదని చెప్పుటకు నోరు తెరచితిని గాని, ఎందుకు చాలదో చెప్పలేక మూసికొంటిని. ఆ రాత్రి బైబిలు తెరచి వెదకితిని. తరువాత కొన్ని నెలలు ఆమెతోకూడ ఆ తరగతిలో చాపమీద కూర్చుండి చూచితిని. అక్కడ నేర్చుకొనినదే ఈ పాఠము.

దేవుడు పాటను ఎక్కడ ఉంచెను?

మోషే మరణ దినములు సమీపించినప్పుడు దేవుడు అతనికి అప్పగించిన పనులలో ఒక పాట వ్రాయుట యొకటి. ధర్మశాస్త్రము అప్పటికే వ్రాయబడి యున్నది. అయినను పాటకూడ కావలసి వచ్చెను. ఏలయనగా జనులు తిని, తృప్తిపొంది, తమ్మును నడిపించినవానిని మరచు కాలము వచ్చునని దేవుడు ఎరిగియుండెను. ఆ కాలమున గ్రంథము మందసము ప్రక్కన పడియుండును. పాట మాత్రము వారి సంతానపు నోటిలో మిగిలియుండును. మోషే ఆ దినమందే పాట వ్రాసి, ఆ దినమందే నేర్పెనని 22వ వచనములో చదువుచున్నాము. తరువాత అతడును యెహోషువయు జనులయొద్దకు వచ్చి దానిని వారి చెవులలో పలికిరి (32:44).

ఇందులోని క్రమమును గమనించుడి. మొదట నేర్పువాని నోరు, తరువాత వినువాని చెవి, ఆ తరువాత వినువాని నోరు. మధ్య పుస్తకము లేదు, యంత్రము లేదు. చదువురాని పసివానికి ఈ క్రమము తప్ప వేరు త్రోవ లేదు. ఫోను మంచి వస్తువే, పెద్దలమైన మనకు ఎన్నో విధముల ఉపయోగపడుచున్నది. కాని పిల్లవాడు ఒక మాట తప్పినయెడల ఫోను ఆగదు, గొంతు అందనియెడల శ్రుతి తగ్గించదు, బిడ్డ కన్నులలోనికి చూచి నవ్వదు. అది వినిపించును గాని వినదు. పాట నేర్పుటలో సగము పని వినుటయే.

నా తప్పు

ఈ సంగతి నాకు తెలియక నేను చేసిన తప్పు ఒకటి ఇక్కడ ఒప్పుకొనవలెను.

ఇరువది యేండ్ల క్రిందట నేను సెమినరీ చదువు ముగించి పరిచర్యకు క్రొత్తగా వచ్చిన దినములలో క్రిస్మస్ కార్యక్రమమునకు చిన్నపిల్లలచేత ఒక పాట సిద్ధపరచుచుంటిని. వారిలో అయిదేండ్ల పిల్లవాడొకడు అందరికంటె ఉత్సాహముగా, అందరికంటె బిగ్గరగా, మొదటినుండి చివరివరకు ఒకే స్వరములో పాడుచుండెను. పాట పైకి పోయినను వాడు పోడు, క్రిందికి దిగినను వాడు దిగడు. ఆ రాత్రి పెద్ద పాస్టరుగారు వచ్చుచున్నారు. నేను వానిని ప్రక్కకు పిలిచి, "నువ్వు ఊరికే నోరు కదుపు. గొంతు మాత్రం ఎత్తకు" అంటిని. వాడు తల ఊపెను. చెప్పినట్లే చేసెను. కార్యక్రమము బాగుగా జరిగినదని అందరును మెచ్చుకొనిరి.

ఆ పిల్లవాడు పెరిగి పెద్దవాడై, పెండ్లి చేసికొని, సంఘములో నమ్మకమైన సభ్యుడుగా ఉన్నాడు. ప్రతి ఆదివారము వచ్చును. అయితే అందరును కీర్తన పాడునప్పుడు అతడు పుస్తకము మూసికొని నిలువబడియుండును. రెండేండ్ల క్రిందట ఒకనాడు ఆరాధన ముగిసిన తరువాత, "ఎందుకయ్యా నువ్వు పాడవు?" అని అడిగితిని. అతడు కోపము లేకుండ నవ్వి, "మీరే వద్దన్నారు గదండీ, చిన్నప్పుడు" అనెను. నేనా మాట ఎప్పుడో మరచిపోతిని. అతడు మరువలేదు.

యెరూషలేము దేవాలయములో చిన్నపిల్లలు కేకలు వేయుచుండగా ప్రధానయాజకులును శాస్త్రులును విని కోపపడిరని మత్తయి వ్రాయుచున్నాడు. ఆ పిల్లలు శ్రుతిలో కేకలు వేసిరో లేదో వ్రాయబడలేదు. యేసు ప్రభువు మాత్రము వారి పక్షమున నిలిచి, పసిబిడ్డల నోటి స్తుతిని గూర్చిన కీర్తనకారుని మాటను ఆ పెద్దలకు జ్ఞాపకము చేసెను. అనేకమారులు నేను ఈ భాగముమీద ప్రసంగించితిని. ఆ క్రిస్మస్ రాత్రి నేను ఎవరి పక్షమున నిలువబడితినో ఇరువది యేండ్లవరకు నాకు తెలియలేదు.

పిల్లల తోట

పసివారి బడికి కిండర్‌గార్టెన్ అను పేరు జర్మను భాషలోనిది. పిల్లల తోట అని దాని అర్థము. ఆ పేరును 1840లో పెట్టినవాడు ఫ్రెడరిక్ ఫ్రోబెల్. ఇతడు 1782లో ఒక లూథరన్ పాదిరిగారి యింట పుట్టెను. సంవత్సరమైనను నిండక మునుపే తల్లిని పోగొట్టుకొనెను. తల్లి పాట ఎరుగని ఆ బిడ్డ పెద్దవాడై, తల్లులు తమ బిడ్డలను ఆడించుచు పాడుకొను పాటలతో 1844లో ఒక పుస్తకము ప్రకటించెను. పసివానికి పాటయు ఆటయు వేర్వేరు కావని అతడు ఎరిగియుండెను. ప్రష్యా ప్రభుత్వము 1851లో ఈ బడులను నిషేధించెను. మరుసటి సంవత్సరము అతడు మరణించెను. 1860లో గాని ఆ నిషేధము తొలగింపబడలేదు. అయినను ఆ తోట నేడు లోకమంతట వ్యాపించియున్నది. మన దేశములో 1975 అక్టోబరు 2న ఆరంభమైన పథకమువలన గ్రామ గ్రామమున అంగన్‌వాడీలు ఏర్పడి, బీదవారి బిడ్డలకును అటువంటి చోటు దొరికినది.

ఇంకొక దైవజనుని సంగతి చెప్పెదను. ఇంగ్లండులో జాన్ కర్వెన్ అను పాదిరిగారు ఉండెను. 1841లో ఆదివారపు బడి ఉపాధ్యాయుల కూటమొకటి, పిల్లలకు పాట నేర్పుటకు సులభమైన పద్ధతి వెదకుమని ఆయనను కోరెను. ఆయనకు సంగీత శిక్షణ లేదు. నార్విచ్ పట్టణములో సారా గ్లోవర్ అను ఉపాధ్యాయురాలు బడిపిల్లలకు స్వరముల పేర్లతో పాట నేర్పుచుండెను. ఆమె పద్ధతిని చూచి కర్వెన్‌గారు మొదట తాను నేర్చుకొని, తరువాత దానిని దిద్ది, ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క చేతి గురుతును చేర్చెను. అందులోని మొదటి స్వరము మన షడ్జమువలె ఏ శ్రుతికైనను జరుగును. మిషనెరీలు దానిని దూరదేశములకు తీసికొనిపోయిరి. మిజోరం సంఘముల పాటల పుస్తకములలో ఆ పద్ధతి నేటికిని నిలిచియున్నది. సంగీతము రాని ఒక పాదిరి, ఒక బడిపంతులమ్మయొద్ద నేర్చుకొని చేసిన పని యిది. కాబట్టి "నాకు సంగీతం రాదండి" అను మాటతో పని ఆగనవసరము లేదు. మా టీచరమ్మకు నేను చెప్పిన మొదటి ధైర్యపు మాట ఇదే.

నేర్పు విధానము

మొదటిది, గొంతుకు తగిన శ్రుతి. నాలుగైదేండ్ల పిల్లలు సుఖముగా పాడగలిగినది రమారమి అయిదు స్వరముల వెడల్పు మాత్రమే. హార్మోనియం మధ్యస్థాయిలో రెండవ తెల్ల మెట్టు మొదలు ఆరవ తెల్ల మెట్టు వరకు అని గురుతు పెట్టుకొనుడి. మగవాని గొంతు పిల్లల గొంతుకంటె ఒక స్థాయి క్రిందుగా పలుకును. నేను పాడినప్పుడు పిల్లలు ఆ లోతును అందుకొనజూచి గొణుగుట కన్నులార చూచితిని. అదే పాటను టీచరమ్మ పాడగానే వారి గొంతులు తేటగా లేచినవి. కాబట్టి పురుషులు నేర్పవలసి వచ్చినయెడల గొంతు సన్నము చేసి పై స్థాయిలో మెల్లగా పాడుడి, లేక ఒక స్త్రీనైనను పెద్దపిల్లనైనను తోడు పిలుచుకొనుడి.

రెండవది, చిన్న పాట. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) మొదలైన భక్తులు రాగతాళములతో మనకిచ్చిన కీర్తనలు గొప్ప ఆస్తి. పసివారు గుడిలో తల్లి ఒడిలో కూర్చుండి వాటిని వినవలెను. అయితే వాటి పెద్ద సమాసములును, పైకి క్రిందికి సాగు సంగతులును నాలుగేండ్ల నోటికి పట్టవు. సంగీత విద్వాంసులు మాయామాళవగౌళ రాగములో నేర్పు సరళీ వరుసలుకూడ కొంచెము ఎదిగిన పిల్లలకే తగినవి. పండ్లు రాని బిడ్డకు చెరకుగడ ఇచ్చి నములుమందుమా? పసివారికి నాలుగు చరణములకు మించని పాట, మూడు నాలుగు స్వరములు, తాము చూచిన వస్తువులు చాలును. వాన, దూడ, చందమామ, కోడిపిల్ల, అమ్మ వండిన అన్నము. మన జోలపాటలును, చెమ్మచెక్క, ఒప్పులకుప్ప వంటి ఆటల పాటలును ఎన్ని స్వరములలో నడచునో మీరే పాడి చూచుకొనుడి. మన అమ్మమ్మలు ఏ కాలేజీలోను చదువకయే ఈ సంగతి ఎరిగియుండిరి.

మూడవది, రెండు స్వరములతో ఆరంభము. తల్లి దూరమునుండి బిడ్డను పేరుపెట్టి సాగదీసి పిలుచునప్పుడు గొంతు తరచుగా పై స్వరమునుండి కొంచెము క్రిందికి దిగును. పంచమమునుండి అంతర గాంధారమునకు దిగినట్లుండును. హంగెరీ దేశములో జోల్తాన్ కొడాయ్ (1882–1967) అను సంగీతజ్ఞుని పద్ధతి ననుసరించువారు పసివారి పాఠములను ఈ రెండు స్వరములతోనే మొదలుపెట్టుదురు. మా బడిలో టీచరమ్మ హాజరునే ఈ విధముగా పిలుచును. పేరును రెండు స్వరములలో పాడును. బిడ్డ "వచ్చానండి" అని అదే రెండు స్వరములలో బదులు పాడవలెను. ముప్పది మంది హాజరు పూర్తియగుసరికి ముప్పది మందియు ఒంటరిగా ఒకసారి పాడియుందురు. పాట పాఠమని వారికి తెలియనే తెలియదు. ఏడ్చుచున్న బిడ్డకూడ తన పేరు పాటలో వినబడగానే ఏడ్పు ఆపి చూచును.

నాలుగవది, కాలు, చేయి, ఆ తరువాత నోరు. పసివాడు లయను మొదట ఒడలితో పట్టుకొనును. నడచుచు, చప్పట్లు కొట్టుచు, కూర్చుండి లేచుచు పాడింపుడి. పిల్లల నడక మన నడకకంటె వడిగా ఉండును గనుక పాటనుకూడ మరీ సాగదీయవద్దు. వాయిద్యములు కొననవసరము లేదు. మా బడిలో రెండు కొబ్బరి చిప్పలు తాళములైనవి. చింతపిక్కలు వేసి మూత బిగించిన డబ్బా గిలకయైనది. సోడా మూతలకు బెజ్జము చేసి తీగకు గ్రుచ్చితే గలగలలాడుచున్నవి. చింతపిక్కలు పిల్లలు నోటిలోను ముక్కులోను పెట్టుకొందురు గనుక డబ్బా మూతను గట్టిగా అంటించుడి. మూతల అంచులను సుత్తితో అణచి నునుపు చేయుడి.

అయిదవది, నేను పాడునప్పుడు నీవు వినుము, నీవు పాడునప్పుడు నేను విందును. అనేకమంది ఉపాధ్యాయులు పిల్లలతోకూడ తామును గట్టిగా పాడుదురు. అప్పుడు పిల్లల స్వరము వారికే వినబడదు. క్రొత్త పాటను మొదట రెండు మూడు దినములు ఊరికే వినిపింపుడి. పిల్లలు బొమ్మలు పేర్చుచున్నను, మట్టితో ఆడుచున్నను సరే, పాడుచుండుడి. పాడుమని అడుగవద్దు. మూడవనాటికి ఒకరిద్దరు తమంతట తాము చివరి మాట అందుకొందురు. అప్పుడు ఒక చరణము పాడి ఆగుడి, వారిని పాడనీయుడి, మీరు నోరు మూసికొని వినుడి. తప్పినచోట గద్దింపక మరల ఆ చరణమునే సరిగా పాడి వినిపింపుడి. ఒకేసారి గంటసేపు కాక, ప్రతిదినము పది పదిహేను నిమిషములు చాలును.

ఆరవది, బిగ్గరగా పాడుటయే బాగుగా పాడుట కాదు. "ఇంకా గట్టిగా! ఇంకా గట్టిగా!" అని పిల్లలను హెచ్చరించుట మన గ్రామములలో వాడుకయైనది. కార్యక్రమమునాడు మైకు వారి నోటిదగ్గర పెట్టుదుము. పసివాని కంఠనాళము మెత్తనిది. అరచి అరచి గొంతు బొంగురుపోయిన పిల్లలు మా బడిలోనే ఇద్దరు ముగ్గురు ఉండిరి. మెల్లగా పాడుటనుకూడ ఒక ఆటగా నేర్పుడి: "పాప నిద్రపోతోంది, లేవకుండా పాడదాం." అప్పుడు ముప్పది గొంతులును ఒక్కటై ఎంత మధురముగా వినబడునో ఒకసారి విన్నయెడల మరల గట్టిగా అని మీరు అనరు.

ఒకే స్వరములో పాడు బిడ్డ

ఇప్పుడు అసలు సంగతికి వచ్చుచున్నాను. ప్రతి తరగతిలోను ఒకే స్వరములో పాడు బిడ్డలు కొందరు ఉందురు. వీనికి సంగీతము రాదు అని మనము తీర్పు తీర్చుదుము. ఆ తీర్పు బహుగా తప్పు. స్వరభేదమును బొత్తిగా గ్రహింపలేనివారు చాల అరుదు. ఆ బిడ్డ చేయుచున్నది ఏమనగా, మాటలాడు గొంతుతో పాడుచున్నాడు. పాడు గొంతు ఇంకను అతనికి దొరకలేదు. కొందరికి అది మూడేండ్లకే దొరకును, కొందరికి ఏడెనిమిదేండ్లకు గాని దొరకదు. నడక అందరికిని ఒకే నెలలో వచ్చునా?

పాడు గొంతును వెదకుటకు ఒక ఆట కలదు. మా బడి ఆవరణములో మామిడిచెట్టు ఉన్నది. ఎండకాలము రాగానే కోయిల కూయును. మనము బదులు కూసినకొలది అది ఇంకను పైకి కూయును. పిల్లలు దానితో పందెము వేసి గొంతును క్రిందినుండి పైకి జార్చుచు కూయుదురు. మాటలాడునప్పుడు ఎన్నడును పోని ఎత్తునకు గొంతు ఆ ఆటలో పోవును. దూరమునుండి వచ్చు రైలుకూతను అనుకరించినను అంతే. గొంతుకు పైమెట్లు ఉన్నవని బిడ్డకు అట్లు తెలియును.

రెండవ మార్గము, బిడ్డ శ్రుతికి మనము పోవుట. నా సంఘ సభ్యుడని పైన చెప్పితిని గదా, అతని కుమార్తె గత సంవత్సరము మా చిన్న తరగతిలో చేరినది. మూడున్నర యేండ్ల బిడ్డ. తండ్రివలెనే ఉత్సాహము, తండ్రివలెనే ఒకే స్వరము. హాజరు పాటలో అందరును రెండు స్వరములలో బదులు పాడగా, ఆ బిడ్డ మాత్రము బరువైన ఒక్క స్వరములో "వచ్చానండి" అనుచుండెను. నేను చాపమీద కూర్చుండి చూచుచుంటిని. టీచరమ్మ ఆ బిడ్డను తన శ్రుతికి రమ్మనలేదు. తానే బిడ్డ ఎదుట గొంతుకు కూర్చుండి, బిడ్డ పలికిన ఆ క్రింది స్వరమునే తానును పలికినది. ఇద్దరి స్వరములును కలిసిన ఆ క్షణమున బిడ్డ ముఖము మారినది. నా స్వరము ఇంకొకరి నోట ఉన్నదే అన్నట్లు చూచినది. అప్పుడు టీచరమ్మ అక్కడనుండి ఒక్క మెట్టు పైకి పోయి ఆగినది. ఆ దినము బిడ్డ రాలేదు. ఆ వారము రాలేదు. సంక్రాంతి సెలవుల తరువాత ఒకనాడు వచ్చినది.

నాకు మన ప్రభువు జ్ఞాపకము వచ్చెను. మనము ఎక్కలేని మెట్టునుండి ఆయన మనలను గద్దించి పిలువలేదు. మనమున్న చోటికి దిగివచ్చి, మన మాట పలికి, అక్కడనుండి మనలను చేయి పట్టుకొని నడిపించెను. సెమినరీలో నేను గ్రంథములలో చదివిన ఆ సత్యమును ఆ టీచరమ్మ చాపమీద చేసి చూపినది. సంగీతము రాదని చెప్పిన ఆమెయే.

ఒక హెచ్చరిక. ఎంత పాడినను, పిలిచినను బిడ్డ తిరిగి చూడనియెడల, లేక చెవి కారుచున్నయెడల, అది పాటకు సంబంధించిన సంగతి కాకపోవచ్చును. ఆముదము పోసియో, పసరు పిండియో ఆలస్యము చేయక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోవుడి. పాట పాఠమువలన బిడ్డ వినికిడి లోపము ముందుగా బయటపడినయెడల అదియు ఒక మేలు.

బడి పాట, గుడి పాట

మా బడికి అన్ని ఇండ్ల పిల్లలును వచ్చుచున్నారు. మన సంఘపు పిల్లలు సగమైనను లేరు. ఇక్కడ మనము నమ్మకముగా ఉండవలెను. ప్రభుత్వ గుర్తింపు పొందిన బడిలో సంరక్షకుల సమ్మతి లేక మైనరు బిడ్డను మతబోధలో పాల్గొనజేయకూడదని మన రాజ్యాంగము 28వ అధికరణములో చెప్పుచున్నది. చట్టము చెప్పకపోయినను న్యాయము అదియే. ఒక తల్లి మనలను నమ్మి బిడ్డను విడిచి పోయినది. ఆమెకు తెలియకుండ ఆ బిడ్డ నోటిలో ఏమియు ఉంచకూడదు. కాబట్టి బడిలో వాన పాట, అంకెల పాట, చేతులు కడుగుకొను పాట. ఆదివారపు బడిలో ప్రభువును గూర్చిన పాట. నేర్పు విధానము రెంటికిని ఒకటే. అన్ని ఇండ్ల నాయనమ్మలను పిలిచి వారి జోలపాటలను బడిలో పాడింపుడి. మా బడికి వచ్చిన ఒక మామ్మ, "ఈ వయసులో నా పాట ఎవరికి కావాలి నాయనా?" అని సిగ్గుపడినది. పాడిన తరువాత పిల్లలు ఆమె కొంగు విడువలేదు.

దావీదు దినములలో దేవుని మందిరమునకు నియమింపబడిన పాటకులు రెండువందల ఎనుబది ఎనమండుగురు. వారు నేర్చినవారై యుండిరి. అయినను వంతులకొరకు చీట్లు వేసినప్పుడు చిన్నవాడని పెద్దవాడని, గురువని శిష్యుడని భేదము చేయలేదు. నేర్చుకొనుటయు కావలెను, భేదము చేయకుండుటయు కావలెను. మనము తరచుగా ఒకదానిని పట్టుకొని రెండవదానిని విడిచిపెట్టుచున్నాము. పోటీల కొరకు పది మంచి గొంతులను ఏరి తక్కినవారిని వెనుక కూర్చుండబెట్టుచున్నాము. పెద్దలకు పోటీలు పెట్టుకొనుడి. ఆరేండ్లలోపు పిల్లలకు మాత్రము పోటీయు వద్దు, బహుమానమును వద్దు, "నువ్వు పాడకు" అను మాట అసలే వద్దు.

ఆ సభ్యుని గూర్చి ఒక మాట చెప్పి ముగించెదను. అతడు ఇప్పుడు పాడుచున్నాడని వ్రాయవలెనని నాకు ఆశ గాని, అది నిజము కాదు. ఆరాధనలో ఇంకను పుస్తకము మూసికొనియే నిలువబడుచున్నాడు. నేను అతని యింటికి పోయి, చేతులు పట్టుకొని క్షమాపణ అడిగితిని. "అయ్యో, అదెంత మాటండీ" అని అతడే నన్ను ఓదార్చెను. అయితే అతని భార్య చెప్పిన మాట యిది: రాత్రులు బిడ్డ నిద్రపోవునప్పుడు బడిలో నేర్చుకొనిన వాన పాటను పాడుమని తండ్రిని అడుగునట, దీపము తీసివేసిన తరువాత అతడు మెల్లగా పాడునట. ఎవరును వినకుండ పాడుచున్నాడు. బిడ్డ వినుచున్నది. అంతవరకు ప్రభువు దయచేసెను.

సహోదరులారా, పసివాని నోరు ఒకసారి మూయబడినయెడల దానిని తెరచుట ఎంత కష్టమో చూచితిరి గదా. తెరచియున్న దానిని మూయకుండ కాపాడుట అంత కష్టము కాదు. ఈ వారమే ఒక పసిబిడ్డ ఎదుట కూర్చుండి ఒక పాట పాడుడి. తరువాత నోరు మూసికొని, ఆ బిడ్డ పాడునది వినుడి.

సంఘములో చర్చించుటకు ప్రశ్నలు

1. ధర్మశాస్త్ర గ్రంథము ఉండగా దేవుడు పాటనుకూడ ఏల వ్రాయించెను? ద్వితీయోపదేశకాండము 31వ అధ్యాయమునుండి చూపుడి.

2. చిన్నతనములో మీకు మొదటి పాట నేర్పినవారు ఎవరు? ఆ పాటను మీ పిల్లలు ఎరుగుదురా?

3. మన క్రిస్మస్ కార్యక్రమములో పాడుటకు పిల్లలను ఎట్లు ఏర్పరచుచున్నాము? వెనుక కూర్చుండబెట్టబడిన బిడ్డ ఎవరు?

4. మన గ్రామపు చిన్నపిల్లల బడికి వారమునకు ఒకసారి పోయి జోలపాట పాడగలిగిన వృద్ధ స్త్రీలు మన సంఘములో ఎవరున్నారు?